సీసపు గుండు నీడ

డాక్టర్ విశ్వేశ్వరం గారు ఇక లేరన్న దుర్వార్త గురువారం ఉదయం ఆసుపత్రికి వచ్చేసరికి నేను ఆయన గదిలోనే రోగిని చూస్తున్నాను. ఎదురుచూస్తున్న వార్తే. అయినా చేతిలోని స్టెతస్కోపు ఎక్కడ పెట్టానో మధ్యాహ్నం దాకా గుర్తు రాలేదు. అనకాపల్లికి జీవితం ధారపోసిన ఆ వైద్యశిఖామణి వద్ద ఆరేళ్లు శిష్యరికం చేసే భాగ్యం నాకు కలిగింది.

ఆయనకు ముక్కుమీద కోపం. రోగిని ముట్టుకోకుండా నేను మందు రాస్తే చీటీ చింపేసేవారు. "జ్వరం మనిషికొచ్చిందా, కాగితానికొచ్చిందా?" అనేవారు. ఆ పట్టుదల ఊరికే వచ్చింది కాదు.

నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో, పూడిమడక జాలరి నూకరాజుకు కుడి డొక్కలో నొప్పి వస్తే, మందులిచ్చి, మద్రాసు పంపి కాలేయానికి స్కానింగ్ తీయించారు. అప్పటికది కొత్త విద్య. నరంలోకి ఎక్కించిన అణుధార్మిక ఔషధం చేరిన మేరకు కాలేయం చుక్కలు చుక్కలుగా కాగితం మీదికి వస్తుంది. నూకరాజు చిత్రంలో ఒకచోట చుక్కలు లేవు. క్యాన్సర్ కావచ్చని మద్రాసు వాళ్లు రాశారు. ఆ కాగితాన్ని నమ్మి డాక్టరు గారు అతని భార్యను ఆశ వదులుకోమన్నారు. వాళ్లు పడవ అమ్మేసుకున్నారు.

రెండు నెలలకు నూకరాజు నొప్పి తగ్గి, ఒళ్లుచేసి ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా విప్పిస్తే, మెడలోని పొడవాటి తాడుకు సీసపు గుండు వేలాడుతోంది.

"ఇదేటి?" అన్నారు డాక్టరు గారు.

"మా అయ్య వల గుండు బాబూ. ఆయన పోయినకాడినుంచి తియ్యనేదు. మద్రాసులో తియ్యమంటే బనీను లోపల దాసేసేను."

స్కానింగ్‌కు పడుకున్నప్పుడు అది డొక్క మీదికి జారి, లోపలి మందు నుంచి వెలువడే కిరణాలకు అడ్డుపడింది; కాగితం మీది ఖాళీ దాని నీడే. గుండు తీయించి మళ్లీ స్కానింగ్ చేయిస్తే కాలేయం నిండుగా వచ్చింది.

ఆ ఆదివారమే ఆయన పూడిమడక వెళ్లి, ఒడ్డున అందరి ముందూ తమ తొందరపాటు ఒప్పుకున్నారు. "మనిషి దక్కేడు బాబూ, పడవదేటి, మళ్లీ సూసుకుంతాం" అంది నూకరాజు భార్య. తిరుగుదారిలో ఆయన నాతో ఒక్క మాటే అన్నారు: "ముందు చెయ్యి పెట్టి చూడవలసింది."

మొన్న కార్తీకంలో ఆయన కాలేయ చిత్రంలోనూ మచ్చ కనిపించింది. అదీ యంత్రం పొరబాటేనని నేను మొండిగా వాదించాను. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, "చెయ్యి పెట్టి చెప్పు" అన్నారు. పెట్టాను. వేళ్ల కింద గడ్డ రాయిలా తగిలింది.

"ఏమీ లేదండీ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నా చేతిని అక్కడే పట్టుకుని, "రోగులకు మాత్రం ఇలా చెప్పకురా" అన్నారు.

గురువర్యా, మీ లోటు పూడ్చగలిగేవారు ఈ ఊళ్లో లేరు. మీ పాదాలకు నమస్కరించి, ఆనాడు నోట రాని మాట ఇప్పుడు చెబుతున్నాను. గడ్డ ఉందండీ. నా చేతికి తగిలింది.