నాయన ఎత్తిన పాట, దేవుడు చూపిన చదువు

మా ఇంట్లో మాట ఆగిపోయిన రోజుల గురించి చెప్పడానికి ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను, ఎమ్మిగనూరు సంఘంలోని నా సహోదరులారా, సహోదరీలారా. ఇది మా అమ్మ పుట్టినూరు, మీలో సగం మంది నన్ను చంకనేసుకుని తిప్పినవాళ్లే, కాబట్టి నేను హెప్సిబానని మీకు చెప్పే పని లేదు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. మాది ఆదోని. మా నాయన పత్తి మార్కెట్ యార్డులో హమాలీగా పని చేసినవాడు, ఇదిగో ముందు వరుసలో అమ్మ పక్కన కూర్చున్నాడు చూడండి, ఆయనే.

నాయన గొంతు గురించి ముందు చెప్పాలి. యార్డులో బస్తా భుజానికెత్తుకుని ఆయన పాడుకుంటూ వస్తుంటే అవతల గేటు దగ్గర సావుకార్లు లెక్కలాపి తలెత్తి చూసేవాళ్లంట. ఆయన సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది, పుస్తకాల్లో ఎక్కడా లేదు, "తెల్లవారింది తండ్రీ, తలుపు తీసి రా, చీకటి పోయింది తండ్రీ, చేయి పట్టి రా" అని, అంతే, ఆ రెండు ముక్కలే. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆ పాట నాయనే ఎత్తాలి, తర్వాత అమ్మ అందుకోవాలి, ఆమె వెనక నేను. ఆయన ఎత్తకుండా మా ఇంట్లో ఎవరమూ నోరు తెరిచేవాళ్లం కాదు, ఆయన యార్డు నుంచి ఆలస్యంగా వస్తే అన్నం చల్లారిపోయినా సరే, పాట మాత్రం ఆయన కోసం ఆగేది.

నేను ఇంటర్ బైపీసీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న ఎండాకాలంలో, బస్తా దించుతూ దించుతూ నాయన పక్కకు ఒరిగిపోయాడు. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, కళ్లల్లో తెలుస్తుంది, బదులు చెప్పాలని నోరు తెరుస్తాడు, ఏమీ రాదు. అంత గొంతున్న మనిషి అట్లా ఉత్తి నోరు తెరిచి మూస్తుంటే చూడలేక నేను వరండాలోకి పోయి ఏడ్చేదాన్ని.

అమ్మ మాత్రం మంచం పట్టీ పట్టుకుని మోకరించి ఒకటే ప్రార్థన చేసింది. "ప్రభువా, నా మొగున్ని బతికిచ్చి ఇంటికి పంపు సామీ, నా పాపను నర్సును సేసి నీ సేవకు ఇచ్చుకుంటా, ఇది నా మొక్కుబడి." నాయన బతికాడు, దేవునికే మహిమ! అయితే ఆ మొక్కుబడి నా మెడకు చుట్టుకుంది.

నర్సు పని చిన్నదని కాదు సహోదరులారా, అట్లా అనుకుంటే నా కళ్లు పోతాయి. ఆసుపత్రిలో నాయన పక్క గుడ్డలు మార్చిన నర్సమ్మ చేతులను చూసి నేను నర్సునే కావాలనుకున్నాను. వారం తిరక్కుండానే ఫిజియోథెరపీ చేసే అన్న వచ్చి నాయనను నిలబెట్టి ఒక అడుగు వేయించాడు, అది చూసి కాదు కాదు ఇదే చదవాలి అనుకున్నాను. పక్క మంచం మీద తుగ్గలి నుంచి వచ్చిన ముసలాయనకు దిక్కెవరూ లేకపోతే సోషల్ వర్కర్ మేడమ్ తిరిగి తిరిగి ఆయన మేనల్లుణ్ణి వెతికి పిలిపించింది, ఆహా, ఇదీ సేవంటే అనుకున్నాను. ఎవరు ఎదురైతే వాళ్ల వెంట పోయేది నా మనసు. చివరికి మూడింటికీ దరఖాస్తు పెట్టాను, పెట్టి ఇంటికొచ్చి వణకడం మొదలుపెట్టాను.

ఎందుకు వణికానో చెబుతాను, ఇక్కడున్న పిల్లలు వినాలి. దేవుడు నాకోసం ఒకే ఒక చదువు ఎక్కడో దాచిపెట్టాడని, అది కాకుండా ఇంకోటి పట్టుకున్నానంటే మొక్కుబడి తప్పినట్టేనని, తప్పితే నాయనను తిరిగి తీసుకుపోతాడని నా మనసులో పడిపోయింది. అన్నం తినబుద్ధి కాలేదు, నిద్ర లేదు. గుర్తులు అడగడం మొదలుపెట్టాను. "దేవా, తెల్లవారి మా గడపలోకి మొదట ఎవరొస్తారో దాన్నిబట్టి చేస్తాను" అని ప్రార్థించాను. మా పెద్దమ్మ ఆదోనిలోనే నర్సు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే టీకి వచ్చేది. ఇంక దేవుడు మాత్రం వేరే గుర్తు ఎట్లా చూపిస్తాడో మీరే చెప్పండి.

ఇంతలో కర్నూలులో నర్సింగ్ సీటు వచ్చింది. వచ్చే నెలాఖరులోపు పోయి చేరాలి, చేరకపోతే సీటు పోతుంది, ఏడాది పోతుంది. పెద్దమ్మ సంబరపడి నాకు తెల్ల చెప్పులు కూడా కొనిపెట్టింది. అమ్మ అందరికీ చెప్పుకుంది. నేను నవ్వాను, లోపల మాత్రం ఇది నాది అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఇక నాయన సంగతి. ప్రతి సాయంత్రం సంఘం వాళ్లు మా ఇంటికొచ్చేవాళ్లు, ఎంత ప్రేమ, ఎంత భారం, మంచం చుట్టూ నిలబడి అందరూ ఒక్కసారే గొంతెత్తి "నాలుక కట్లు తెంచు తండ్రీ" అని ప్రార్థిస్తుంటే రేకులు అదిరేవి. ప్రార్థన ముగిశాక "ఎట్లుందన్నా?" అని అడిగేవాళ్లు. నాయన నోరు తెరిచేలోపే అమ్మ "బాగుందంట" అనేది, పెద్దమ్మ "నీళ్లు కావాలంట" అనేది, నేను "అలిసిపోయినాడు, పండుకోనీయండి" అనేదాన్ని. ఆయన తెరిచిన నోరు మూసుకునేవాడు. మాట ఇమ్మని దేవుణ్ణి అడిగి, ఆ మాటకు సందు మాత్రం మేమెవరమూ ఇవ్వలేదు, ఆ సంగతి మాకెవరికీ తోచలేదు.

అప్పుడు ఆదోనిలో స్వస్థత కూడికలు జరిగాయి. అమ్మ ముందు వరుసలో కూర్చుని పాడి, ఏడ్చి, ప్రార్థించి గొంతు పూర్తిగా పోగొట్టుకుని వచ్చింది, గుసగుస కూడా రాదు. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. నాయన పడిపోయినప్పటి నుంచి పాట అమ్మే ఎత్తేది, ఇప్పుడు ఆమెకు గొంతు లేదు, నువ్వు ఎత్తు అని నాకు సైగ చేసింది. నాకు దేవుని మీద ఉన్న కోపమంతా ఆ పూట గొంతులోకి వచ్చి కూర్చుంది. నేను ఎత్తలేదు. తల వంచుకుని బిగదీసుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది, బయట ఎవరో ఆటో ఆపి మళ్లీ పోయారు, ముగ్గురమూ అట్లాగే కూర్చుండిపోయాం.

"తెల్లవారింది తండ్రీ..."

నాయన! నత్తి లేదు, తడబాటు లేదు, అవే మాటలు, అదే రాగం, గొంతు కొంచెం బొంగురు, అంతే. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను అందుకున్నాను, అందుకున్నానో ఏడ్చానో నాకే తెలియదు, ఆ రెండు ముక్కలనే తిప్పి తిప్పి పాడాం. ఇరుగుపొరుగు వాకిట్లోకి వచ్చి నిలబడిపోయారు.

పాట ఆగాక నేను "నాయనా, నీళ్లు కావాల్నా?" అని అడిగాను. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పాట వస్తుంది, మాట రాదు. దేవుడు సగం ఇచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడా అని నేను ఆ పూట ఆయనతో గట్టిగానే పోట్లాడాను, ఆయన ఓర్చుకున్నాడు.

తర్వాత నాయనను చూపించడానికి అమ్మా నేనూ కర్నూలు ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరుతో ఈ సంగతి చెబితే, ఆయన మమ్మల్ని స్పీచ్ థెరపీ మేడమ్ దగ్గరికి పంపాడు. మాట నేర్పడానికి ఒక చదువుందని, దాన్ని చదివినవాళ్లు ఉంటారని నేను అప్పటిదాకా వినలేదు. ఆమె నాయన చేత పాడించుకుని, కళ్లు మూసుకుని విని చెప్పింది, పక్షవాతంలో మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుందంట, మెదడులో పాటకు వేరే దారి కూడా ఉంటుందంట, ఆ దారిలోనే మెల్లగా మాటను నడిపించి తీసుకురావచ్చంట.

నాకు చురుక్కుమంది. "అట్లయితే ఇది అద్భుతం కాదా మేడమ్?" అని అడిగేశాను.

ఆమె నవ్వి, "ఆ దారి నేను వేసింది కాదమ్మా. వేసిందెవరో నీకు తెలుసు కదా. దాని మీద నడిపించడమే నా పని" అంది. తర్వాత అమ్మనూ నన్నూ చూసి, "ఆయన్ని ఏదైనా అడిగితే ఆగండి. మాట మీరు అందించొద్దు. ఆయనకు టైమివ్వండి" అంది.

ఆ మాటతో మా ఇంటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. చెవిటివాడూ నత్తివాడూ అయిన మనిషిని ప్రభువు బాగుచేసిన సంగతి సండేస్కూల్లో ఎన్నిసార్లు విన్నామో, ముందు ఆ మనిషిని జనంలోనుంచి పక్కకు తీసుకుపోయాడని ఉంటుంది కదా, ఎందుకు పక్కకు అని నేనెప్పుడూ అడగలేదు. మేమంతా మంచం చుట్టూ జనమై నిలబడ్డాం. ప్రభువేమో మా అమ్మ గొంతు మూయించి, నా గొంతు బిగించి, మా నాయనను పక్కకు తీసుకుపోయాడు.

మేడమ్ చెప్పినట్టే ఇంట్లో మొదలుపెట్టాం. నాయన ఎడమ చేతిని నా చేతిలో పెట్టుకుని తొడ మీద తట్టుతూ, పాటను నిదానం చేసి, ఇంకా నిదానం చేసి, రాగం కొంచెం కొంచెం తగ్గించి, "తలుపు తీసి రా" దగ్గర ఆగేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ముందరింట్లోంచి "రా" అని వినిపించింది. రాగం లేదు. పాట కాదు. పిలుపు! రొట్టె పెనం మీదే మాడిపోయింది, నేను పరుగెత్తాను.

ఆ రోజే తెలిసింది నాకేం చదవాలో, ఆ మేడమ్ చదివిన స్పీచ్ థెరపీ చదువే. మరి మొక్కుబడి? నెలాఖరు దగ్గరపడింది. పాస్టరు అయ్యగారు, పెద్దమ్మ మా ఇంట్లో కూర్చున్నారు. నేను సంగతి చెప్పగానే పెద్దమ్మ లేచింది.

"ఆ చదువు పేరు పలకాలంటేనే నోరు తిరగదు గదమ్మే. సేతికొచ్చిన సీటు వదులుకుంటారా ఎవురన్నా? ఆడ సీటు రాకుంటే ఏం సేస్తావ్?"

అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "దేవునికి మొక్కినాను పాపా. మాట తప్పితే ఎట్ల?"

పాస్టరు అయ్యగారు దీని కోసం ఉపవాస ప్రార్థన పెడదామన్నారు. అప్పుడు నేను, "అందరూ చెప్పారయ్యగారూ, ఒక్కరిని మాత్రం ఎవరమూ అడగలేదు" అని నాయన ముందు నేల మీద కూర్చున్నాను. "నాయనా, నేనేం సదవాల?"

ఆయన నోరు తెరిచాడు. అమ్మ ఏదో అనబోతే చెయ్యి పట్టుకున్నాను. పెద్దమ్మ కదిలితే పాస్టరు అయ్యగారే వద్దన్నట్టు తల ఊపారు. నాయన ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, ఎడమ చేత్తో తొడ మీద తట్టుకున్నాడు, ఆగాడు, మళ్లీ తట్టుకున్నాడు. మేము అట్లాగే కూర్చున్నాం.

"పాట" అన్నాడు. తన గొంతు మీద వేలు పెట్టుకుని, ఆ వేలు నా వైపు తిప్పాడు.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను దేవుని సేవకు ఇస్తానంటి. నర్సు అని పేరు పెట్టింది నేనే, నాకు తెలిసింది అదొక్కటే గాబట్టి. మీ నాయనకు మాట తెప్పిచ్చింది సేవ గాకపోతే ఇంగేంది. పో పాపా, అదే సదువు."

నేను నర్సింగ్ సీటు వదులుకున్నాను సహోదరులారా. మాట నేర్పే చదువుకు దరఖాస్తు పెట్టి, ఆ సీటు చేతికి రాకముందే వదులుకున్నాను. ఊళ్లో కొందరు నవ్వారు, ఆ తెల్ల చెప్పులు పెట్టెలోకి పోయాయి. ఆశ్చర్యం ఏంటంటే ఏ రాత్రీ నిద్ర చెడలేదు, ఏ గుర్తూ అడగలేదు. "తండ్రీ, ఇది రాకపోయినా నువ్వు నా తండ్రివే" అని మాత్రం ప్రార్థించాను. ఆ మాట నా నోట వచ్చిన రోజే నాకు విడుదల అయింది, సీటు తర్వాత వచ్చింది. హైదరాబాదులో వచ్చింది, దేవునికే మహిమ! ఇప్పుడు మా పెద్దమ్మ బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా సరే, ఆ నోరు తిరగని పేరు మొత్తం పలికి మరీ చెబుతోంది.

మొన్న సెలవుల్లో హొళగుందలో ఒక కన్నడ అవ్వను చూడటానికి పోయాను, ఆమెకూ నాయనకు వచ్చిన జబ్బే. ఇల్లంతా బంధువులు, అందరూ ఆమె తరఫున మాట్లాడేవాళ్లే. నేనింకా విద్యార్థినే, వైద్యం నా చేతిలో లేదు, మా టీచరును ఫోనులో అడిగి ఆ అవ్వను ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో చెప్పాను. ఇంకొక్క పని మాత్రం చేశాను, అందరినీ బయట కూర్చోబెట్టి, ఆమె కూతురిని ఒక్కదాన్నే లోపల ఉంచి, ఏదైనా అడిగి ఆగమన్నాను. చాలాసేపటికి ఆ అవ్వ "మగళే" అంది, కూతురా అని. ఆ కూతురు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను.

ఏ చదువు పట్టుకోవాలో తెలియక వణికే పిల్లలు ఇక్కడుంటే చెబుతున్నాను, మన తండ్రి చదువును దాచిపెట్టి మనల్ని శిక్షించేవాడు కాదు. నువ్వు నర్సువైనా ఆయన పనే, టీచరువైనా ఆయన పనే. భయంతో ఏదీ పట్టుకోవద్దు. అడుగు, అడిగి నిమ్మళంగా కూర్చో, ఆయన్ని మాట్లాడనివ్వు. నా ఇంటికి మాట ఇచ్చినవాడు నీ ఇంటికీ వస్తాడు, ఈ పొద్దే ఆయన్ని నమ్ము.

ఇప్పుడు మా నాయన లేచి పాట ఎత్తుతాడు. కొంచెం సేపు పడుతుంది. వాయించే తమ్ముళ్లు చేతులు ఆపండి, అమ్మా, నువ్వు కూడా. మాట ఎవరూ అందించొద్దు. ఆయన ఎత్తేదాకా అందరం ఆగుదాం.