దుప్పటి కప్పుకున్న సర్వర్

ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరినొకరం వదిలించుకున్నాం. అయినా ఈ వేసవిలో గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో, వీడియోలు చూసి పాత కంప్యూటర్‌తో ఇంటి సర్వర్ తయారుచేశాను. చనిపోయిన నాన్న ఫోటోలన్నీ అందులో దాచి, ఫోన్లోవి చెరిపేశాను. బొగ్గు దుమ్ముకు జడిసి మా దగ్గర ప్రతి వస్తువునూ కప్పుతాం. అమ్మ దానికీ దుప్పటి చుట్టింది. సాయంత్రానికి సర్వర్ వేడెక్కి మాడు వాసనతో ఆగిపోయింది. వెంటనే పక్కింటి అన్నకు ఫోన్ చేశాను.

గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసే పక్కింటి రాజన్న డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు.

"ఎండకాలంల దుప్పటేంది అవ్వా, దీనికేమన్న చలిజ్వరమా?" అని అమ్మతో అంటూనే, తన కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై విప్పి తెచ్చి, మాడినదాని బదులు బిగించాడు. తెరమీద నాన్న నవ్వాడు.

"మరి నీదెట్లనే అన్నా?" అన్నాను.

"నా దాంట్ల పేకాటే ఉందిరా. మీ దాంట్ల మీ నాయిన ఉన్నడు."

అందరినీ ఆటపట్టించే నేను ఆయనకు ఆరోజు థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.