ప్రశ్నగుర్తు పడిన జవాబు

మొన్న హిందూపురంలో మా ఇంట్లో కొరియర్ పెట్టె కోస్తుంటే కొత్త అట్ట వాసన గుప్పుమంది. లోపల ఉన్నది మిక్సీ జార్. నేను మాత్రం కాసేపు ధర్మవరంలో, ఖాదర్ సార్ ఇంట్లో ఉన్నాను. పట్టుచీరల మగ్గాలకు పెట్టే డిజైన్ అట్టల్లో రంధ్రాలు కొట్టడం ఆయన పని. అట్టలో ఒక్క రంధ్రం తప్పుగా పడితే చీర పొడవునా ప్రతి నెమలికీ కన్ను పోతుంది. అందుకే ఆయన దేన్నీ ఊహించి చేసేవారు కాదు.

ఆయనకు హ్యామ్ రేడియో పిచ్చి, ఇంట్లోంచే దేశదేశాలవాళ్లతో మాట్లాడే సరదా. చెవులు మందగించి గొంతులు వినబడక, అప్పట్లో పెనుకొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే నన్ను పిలిపించి ఒక సాఫ్ట్‌వేర్ వేయించుకున్నారు. రేడియో గురగురలో మునిగిపోయి మనిషి చెవికి అందని సంకేతాన్ని కూడా అది పట్టుకుని తెరమీద ఒక వరుసగా చూపిస్తుంది. పదిహేను సెకన్లు మన వంతు, పదిహేను సెకన్లు అవతలివాళ్ల వంతు. పిలుపు, సిగ్నల్ బలం, అందిందన్న జవాబు. అంతే. ఆరోగ్యం, పిల్లల పెళ్లిళ్లు ఎవరూ అడగరు. బంధువులతో కూడా ఈ సౌకర్యం ఉంటే బాగుండుననిపించింది.

ఒక సాయంత్రం, ఆయన ఏళ్లుగా వెతుకుతున్న పసిఫిక్ దీవి ఒకటి రేడియోలో దొరికింది. చివరి జవాబు తెరమీద పడగానే నేను ఎగిరి గంతేశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశారు.

“ఈ చివర ప్రశ్నగుర్తు ఏందప్పా?”

“సిగ్నల్ పూర్తిగా అందలేదు సార్. మనం ఏ జవాబు కోసం చూస్తున్నామో దానికి తెలుసు కదా, దాన్ని బట్టి పూరించింది. కొంచెం అనుమానమని గుర్తు పెట్టింది.”

“దానికే అనుమానముంటే నీకు నమ్మకం యాడ్నుంచి వచ్చె?”

“నూటికి తొంభై పాళ్లు నిజమే సార్. దొరికిన దేశాల పుస్తకంలో రాసేయండి.”

“మనం వినాలనుకున్నదే అది చెప్తాండాది. అట్లయితే ఆ దీవి ఎందుకబ్బా? మనిద్దరమే మాట్లాడుకుంటే సరిపాయె. మళ్లీ పంపమని అడుగు.”

అడిగాం. సిగ్నల్ పోయింది. ఆ దీవి మళ్లీ దొరకలేదు. ఆయన పెన్ను మూత పెట్టేశారు. నేను వారం రోజులు అలిగాను. ఆ తర్వాత మాత్రం, తరగతిలో పిల్లలు “అర్థమైంది సార్” అంటే నమ్మడం మానేశాను. సిలబస్ వెనకబడింది.

రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. హిందూపురం ఆసుపత్రిలో మాట ముద్దగా, గాలిలా వచ్చేది. ఆయన ఏమన్నా భార్య ఫాతిమమ్మ “నీళ్లంటాండాడు” అని గ్లాసు పట్టేది. ఆ వారం తాగినన్ని నీళ్లు ఆయన జన్మలో తాగి ఉండరు. నేను వెళ్లినరోజు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారు. అర్థం కాలేదు. మళ్లీ చెప్పారు. ఆయనకు చెమటలు పట్టాయి. ఆయన అవస్థ చూడలేక, “సరే సార్, అట్లే చేస్తా” అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశారు. చెయ్యి వదిలేసి గోడవైపు తల తిప్పుకున్నారు. మర్నాడు పోయారు.

మూడోనాటి జియారత్ ప్రార్థనలకు ధర్మవరం వెళ్లాను. ఫాతిమమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకుని ఏందో చెప్పినాడే. ఏమన్నాడప్పా?”

మిమ్మల్ని బాగా చూసుకోమన్నారమ్మా. ఈ వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. ఆమె వినాలనుకున్నదీ అదే. తొంభై పాళ్లు నిజం కూడా కావచ్చు.

“నాకు అర్థం కాలేదమ్మా.”

“మరి సరే అంటివే?”

“అన్నానమ్మా.”

“నాకూ కాలేదప్పా. ఊరికే నీళ్లు పోస్తా వస్తి” అంది.

ఇప్పుడు ఎవరి మాటైనా అందకపోతే మళ్లీ చెప్పమంటాను. నాకు చెవుడేమో అనుకుంటారు, నేనూ కాదనను. ఖాదర్ సార్‌కు ఏదో మాట ఇచ్చాను. అదేమిటో తెలియదు కాబట్టి, నిలబెట్టుకుంటున్నానో తప్పుతున్నానో కూడా తెలియదు.