అడగని ఇనాం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాట. కల్లూరులో నాపబండల దుకాణం నడిపేవాడికి బరువులు కొత్తా అంటారేమో. బండల్ని లారీకెక్కించి వదిలించుకోవచ్చు. దీన్ని ఇన్నాళ్లూ ఎవరికీ అంటగట్టలేకపోయాను. మీకు చెబుతున్నాను.

నలుగురు వ్యాపారులం నల్లమల అంచున ఒక అడవి విడిదికి వెళ్లాం. వేటగాళ్లలా టోపీలు కొనుక్కున్నాం. తుపాకులు లేవు, జంతువుల్ని చూసి రావడమే. దారి చూపినవాడు లింగన్న. వాళ్ల తాత దొరల వేటకు ముందు నడిచినవాడట. మనవడికి మా బొజ్జలు దొరికాయి. రెండు రోజులు వాటిని గుట్టలెక్కించి దించాడు. నా మడమలో ముల్లు విరిగితే కాలు ఒళ్లో పెట్టుకుని తీశాడు.

విడిది మేనేజరు మొదటి రోజే పద్ధతి చెప్పాడు. ఇనాం చివర్లో, జీపు ఎక్కే ముందు, ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. వంటమనిషికి వేరు, దారి చూపినవాడికి వేరు. ఇంత అని లేదు. వాళ్లు మాత్రం నోరు తెరిచి అడగకూడదు. అడిగినట్టు తెలిస్తే పని పోయినట్టే.

వంటమనిషికి మిత్రులు ఇచ్చేశారు. లింగన్న వంతు నాది. వెయ్యి రూపాయలు జేబులో విడిగా పెట్టుకున్నాను కూడా. జీపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జేబులోకి పోలేదు. మా నాన్న కొట్లో నేర్చిన విద్య ఒకటుంది: ధర తగ్గాలంటే ముందు సరుకులో వంక పట్టాలి. బండలో గీత, బట్టలో చిరుగు. లేకపోతే ఉన్నట్టు మొహం పెట్టాలి. మరి ఈ మనిషిలో ఏం వంక పట్టను? పులి కనబడలేదని గొణిగి ఊరుకుంటే పిసినారిని అయ్యేవాణ్ని, అంతే. కానీ మిత్రులు చూస్తున్నారు. వాళ్ల ముందు పిసినారి అనిపించుకోకూడదు, డబ్బూ పోకూడదు. నిన్ననే అడిగి తీసుకున్నాడని వాళ్లతో అనేశాను.

పక్కనున్న మేనేజరు ఇటు తిరిగాడు.

"అడిగినాడా సార్?"

లేదనడానికి ఎంతసేపు పట్టేది?

"ఆఁ, అడిగినాడు."

నా సంచిని జీపులో పెడుతున్న లింగన్న ఆగాడు. దాన్ని మళ్లీ కిందికి దించి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇప్పి చూసుకోండి సార్, అన్నీ ఉండాయో లేదో. మీరు పోయినంక అది గూడా నా మీదే ఏస్తారు."

నేను నిజంగానే విప్పి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

మరుసటి ఏడాది మిత్రులు మళ్లీ వెళ్లొచ్చారు. లింగన్నను ఆ రోజే తీసేశారట. బేతంచెర్లలో గని పనికి పోయాడట. ఆశపోతుకు అట్లే కావాల అని ఒకడు నవ్వాడు. నేనూ నవ్వాను.

వారానికొకసారి సరుకు కోసం బేతంచెర్ల పోతాను. గని వైపు వెళ్లను. పాలిష్ ఫ్యాక్టరీలోనే బేరం తెంపుకుని వచ్చేస్తాను. అతను ఎదురుపడతాడని భయమా? ఎదురుపడితే ఏమిస్తాను, ఆ వెయ్యేనా? అందులోనూ ఎంత తగ్గుతాడో చూసే రకాన్ని. పోయిన పనికీ, అందరి ముందూ పోయిన పరువుకూ ధర కట్టడం నాకు ఏ కొట్లోనూ నేర్పలేదు. క్షమించమని అడగడానికి నోరు లేదు. నా పేరు పెట్టకుండా రాయడానికి మాత్రం తెలివి ఉంది.

ఇంత రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఈ లాభం కూడా నాకే, చూడండి.

లింగన్న అడగలేదు. నేను అబద్ధం చెప్పాను.