సప్పుడు చేసే బ్రేకు

అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న రోజులవి. హాస్టల్ గదిలో నాతో ఉన్నతను బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. క్లాసులో వంద మంది ఉన్నా నా పేరు ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం పంజాగుట్ట దగ్గర సిటీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పక్క సీట్లోని నడివయసు మనిషి ఒక ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, జర చదివి చెప్పు. నా డీజిల్ పికప్‌కు ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టియ్యాలె."

ఎగ్జాస్ట్ అంటే అలసిపోవడమని స్పోకెన్ ఇంగ్లీషులో అప్పుడే నేర్చుకున్నాను. "అలిసిపోయిన బ్రేకాండీ?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "బ్రేకును అలిసిపోకుండ చేసేది తమ్మీ! ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ పొగకు అడ్డం పడ్తది. బండి దానంతటదే నెమ్మదైతది, బ్రేకులు గరం కావు."

నేనూ నవ్వేశాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

కాగితంలో రెండు రకాల బ్రేకులున్నాయి. ఒకటి అసలు చప్పుడు చేయదు, రెండోది బాగా మోగుతుంది. మొదటిదే మంచిదండీ అని చెప్పాను.

"సప్పుడు చేసేదే తీస్కుంట," అన్నాడాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "శ్రీశైలం ఘాట్ల ఒక్కన్నే పోత. ఏదన్న ఒకటి మాట్లాడుతుండాలె గద."

అమీర్‌పేట రాగానే దిగిపోయాను. ఆయన పేరు అడగలేదు.

నా గదిలో ఫ్యాను టకటకలాడుతోందని హాస్టల్ ఓనరుకు ఎప్పుడో చెప్పి ఉన్నాను. ఆ వారమే ఓనరు మనిషిని పంపి బాగు చేయిస్తానన్నాడు.

ఉండనివ్వండి అన్నాను.