తొణకని కారు

యోహాను గారికి స్ప్రింగు కనిపిస్తే నొక్కకుండా ఉండలేరు. నొక్కాక అడగకుండా ఉండలేరు. ఆయన మా యూనివర్సిటీ ఆఫీసుకు వచ్చి వెళ్ళాక బాల్‌పెన్నులన్నీ టకటకమనడం మానేసేవి. ప్రిన్సిపాలు గారి కొత్త సోఫాను కూడా అరచేత్తో నొక్కి చూసి, "మంచిగున్నయి సార్. పాతదైతే నాకు చెప్పుండ్రి" అన్నారు.

ఆయన ఎలక్ట్రికల్ లెక్చరరు. తార్నాకలో మా పక్క వాటాలోనే కాపురం. అరవై ఎనిమిదిలో, తీగ లేకుండా రేడియోతో నడిచే మూరెడు కారు ఒకటి సొంతంగా చేశారు. చేతిలోని డబ్బా మీద మీట నొక్కితే అది వాకిట్లో షాబాదు బండల మీద ఉరికేది.

ఆ వేసవిలో మా పెద్దమ్మ సుబ్బలక్ష్మి కుళాయి దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచంలో ఉన్నా మడి వదల్లేదు. నేను ఆఫీసుకు పోతే ఆమె మూడింటి కాఫీ ఆగిపోయింది. యోహాను గారి భార్య సారలమ్మ గుమ్మం బయటే నిలబడి, "నేను పెట్టియ్యనా అమ్మా?" అంటే, "ఆ అలవాటు పోయిందమ్మా" అంది పెద్దమ్మ, నొప్పెడుతున్న తలకు గుడ్డ బిగించి కట్టుకుంటూ.

యోహాను గారికి ఇవేమీ పట్టినట్టు లేదు. కారు మీద నిండు గ్లాసుడు నీళ్ళు పెట్టి నడపడం మొదలుపెట్టారు. బండల సందు రాగానే గ్లాసు బోర్లా పడేది.

"సగమే పోయొచ్చు కదండీ?" అన్నాను.

"సగం పోస్తే సగమే అందుతది కద సాబ్!"

ఎవరికి అందాలో చెప్పలేదు.

పెన్ను స్ప్రింగులు వేస్తే కారు తాగుబోతులా ఊగింది. నా గొడుగు స్ప్రింగు వేస్తే గ్లాసు గోడ దాటింది. గడియారం స్ప్రింగు ముక్కలు కొంత నయం, కానీ ఒకసారి ఎగిరిన కారు ఎగురుతూనే ఉండేది.

"ఎగరేసేటోడు దొరికిండు. ఇగ ఆపేటోడు కావాలె" అన్నారు.

డాక్టరు పారేసిన గాజు సిరంజిల్లో నూనె నింపి నాలుగు చక్రాలకూ బిగించారు. ఈసారి గ్లాసులో నీళ్ళు వణికాయి గానీ ఒక్క చుక్క తొణకలేదు. ఆయన వాకిట్లో గంతులేశారు.

మర్నాడు నేను పెందలాడే ఇల్లు చేరాను. గుమ్మానికి చెక్క ఏటవాలుగా వేసి ఉంది. దాని మీదుగా కారు పొగలు కక్కే కాఫీతో మెల్లగా ఎక్కి పెద్దమ్మ మంచం దగ్గర ఆగింది.

"దీన్నెవరూ పట్టుకురాలేదు కదా?" అంది పెద్దమ్మ అనుమానంగా.

"బండే తెచ్చిందమ్మా!" బయటినుంచి యోహాను గారి గొంతు. "బండికేం మైల?"

పెద్దమ్మ కారును ఎగాదిగా చూసింది. "అదీ నిజమే" అని గ్లాసందుకుంది. కాఫీ పెట్టిందెవరని మాత్రం అడగలేదు.

వారం గడిచింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఒక గుక్క తాగి పెద్దమ్మ గట్టిగా పిలిచింది.

"యోహానూ! పంచదార మరీ ఎక్కువవుతోందయ్యా. బండికి చెబితే ఏం తెలుస్తుంది? సారలమ్మని ఇలా రమ్మను."

సారలమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కడ నిలబడితే ఎలా చెప్పను? లోపలికొచ్చి కూర్చో" అంది పెద్దమ్మ, మంచం పక్కన పీట చూపిస్తూ.

వాకిట్లో డబ్బా పట్టుకుని నిలబడ్డ యోహాను గారు నా వైపు తిరిగి చెవిదాకా నవ్వారు.

"చూసిన్రా సాబ్? నా బండి నౌకరీ పాయె!"