సిస్టరమ్మ చూడాలనుకున్న చెట్లు

గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ మోగింది. నరసాపురం నుంచి సిస్టరమ్మ చెల్లెలి కూతురు. "అక్కా, పెద్దమ్మ వెళ్ళిపోయిందక్కా. మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. టీకి లేపుదామని వెళితే..." అని ఆగిపోయింది. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో, అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఏడుపు వెంటనే రాలేదు. ఎవరికీ పని చెప్పకుండా, ఎవరి నిద్రా పాడుచేయకుండా వెళ్ళిపోవడం అచ్చం ఆవిడ పద్ధతే అనిపించింది ముందు. ఏడుపు తర్వాత వచ్చింది, వంటింట్లో టీ పొంగిపోతుంటే.

సిస్టరమ్మ మాకు చుట్టం కాదు. ఖతార్‌లో మేముండే అల్ అజీజియా పేటలో మా ఎదురు ఫ్లాటు. దోహాలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. పనిలో చేరినప్పుడు జడ నల్లగా ఉండేదట, నేను చూసేటప్పటికి నెరిసి చిన్న ముడి అయిపోయింది. మా చర్చివాళ్ళకీ, కింద కిరాణా కొట్టు మలయాళీకీ, క్యాంపుల్లో ఉండే తెలంగాణ కుర్రాళ్ళకీ అందరికీ ఆవిడ సిస్టరమ్మే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "డ్యూటీ మార్చుకునే మనిషి దొరకలేదమ్మా" అనేవారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఒక చిత్రమైన అలవాటుండేది. "వందనాలమ్మా" అంటూ చెయ్యి కలిపితే ఆ వేళ్ళు మెల్లగా మణికట్టు మీదికి జారేవి. కబుర్లు చెబుతూనే నాడి చూసేసేవారు. "ఏంటమ్మా, పొద్దుట ఏమీ తినలేదా?" అని పట్టేసేవారు కూడా. మా ఆయన ఆవిడ ఎదురుపడితే చేతులు వెనక్కి పెట్టుకునేవారు. బీపీ మాత్ర వేసుకోని రోజైతే మరీను.

ఆవిడకు ఒకే ఒక్క కోరిక ఉండేది, దానికి మూలం ఒక పాత క్యాలెండరు. వార్డులో ఆవిడతో పనిచేసిన దక్షిణాఫ్రికా నర్సు ఒకావిడ ఊరెళ్ళిపోతూ దాన్ని టీ గదిలో వదిలేసి వెళ్ళింది. అందులో ఒక బొమ్మ నమీబియా ఎడారిది. ఎర్రటి ఇసుక కొండలు, వాటి మధ్య తెల్లగా ఎండి బీటలు వారిన నేల, ఆ నేల మీద నల్లగా మాడినట్టున్న మోడులు. ఏళ్ళు మారినా సిస్టరమ్మ ఆ కాగితాన్ని చింపనివ్వలేదు. ఆ చెట్లు చచ్చిపోయి కొన్ని వందల ఏళ్ళయిందట. నీళ్ళు లేవు గనక కుళ్ళలేదు, అందుకే పడనూ లేదు.

"నేను చూసినవాళ్ళంతా పోయాక పడుకున్నవాళ్ళేనమ్మా," అన్నారొకసారి మా ఇంట్లో టీ తాగుతూ. "పోయాక కూడా నిలబడి ఉన్నవాళ్ళని ఒక్కసారి చూడాలి." నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నిజంగానే అంటున్నాను. ఇన్నేళ్ళు ఎడారి దేశంలో ఉన్నాను, చూసిందేముంది? వార్డు, ఫ్లాటు, మెసైమీర్‌లో చర్చి."

రిటైరవుతున్నారని తెలిసిన రోజు నేనే మొండిపట్టు పట్టాను. వీసా అయిపోతే ఆవిడ నరసాపురం వెళ్ళిపోతారు. మోకాళ్ళు అప్పటికే మెట్లు చూస్తే మూలిగేవి. ఇంక ఒకటి రెండేళ్ళు పోతే ఆ ఇసుకలో నడవడం కలలోని మాటే. ఈ వేసవి సెలవుల్లో వెళ్ళకపోతే ఆ చెట్లు ఆవిడకి క్యాలెండర్లోనే మిగిలిపోతాయి. మా ఆయన కూడా వస్తానని ఒప్పుకున్నారు. బండి నడపడానికి రాజేశం ఉండనే ఉన్నాడు.

రాజేశం గురించి చెప్పాలి. జగిత్యాల దగ్గర పల్లె. సైటులో పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరిగి సిస్టరమ్మ వార్డుకే వచ్చాడు. ఆపరేషన్ అయినా లేచి నిలబడడానికి భయపడి మంచం పట్టుకుని వదల్లేదట. అప్పుడు ఈవిడ, "ఇదిగో అబ్బాయ్, పడుకుంటే మంచం నీదవుతుంది, లేస్తే కాలు నీదవుతుంది. ఏది కావాలో చూసుకో" అని రెండు చంకల్లో చేతులు వేసి లేపారట. ఆ కాలితోనే తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని, టూరిస్టులను సీలైన్ ఇసుక దిబ్బల మీద తిప్పే ఉద్యోగంలో చేరాడు. సిస్టరమ్మ ఎక్కడికంటే అక్కడికే. ఊళ్ళో వాళ్ళావిడ మాత్రం ఫోన్లో గట్టిగానే అందట, "దుబాయ్‌ల ఎడారి సాల్తలేదా నీకు, ఇంకో ఎడారికి పోతున్నవ్?" అని. వాళ్ళ ఊరికి గల్ఫంతా దుబాయే.

ఎడారి గురించి మాకెవరూ చెప్పనక్కర్లేదని మా ధీమా. దోహాలో జూలై అంటే తలుపు తీస్తే చాలు, పెనం మీద పడ్డట్టుంటుంది. అందుకని పల్చటి నూలు చీరలు, పొట్టి చేతుల చొక్కాలు, గొడుగులు, ఓఆర్ఎస్ పొట్లాలు సర్దుకుని వెళ్ళాం. నమీబియాలో జూలై చలికాలమని ఒక్కరమూ ఆలోచించలేదు. మొదటి రాత్రి టెంటులో పళ్ళు టకటకమంటుంటే తెచ్చిన బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చున్నాం. రాజేశం తువ్వాలు తలకు చుట్టుకుని, "గిదేం ఎడారి సిస్టరమ్మా, ఫ్రిజ్జు లెక్కుంది" అన్నాడు. అనుభవమైతే గానీ తత్త్వం బోధపడదంటారు, అది మా కోసమే పుట్టిన మాట. సిస్టరమ్మ మాత్రం ఆవకాయ సీసా చుట్టూ చుట్టి తెచ్చిన ఉన్ని శాలువా విప్పి కప్పుకున్నారు. ఆవకాయ చలికి వణికినా ఫరవాలేదన్నారు.

రెండో తంటా రోడ్డుతో వచ్చింది. ఖతార్‌లో కుడి పక్కన నడుపుతాం, అక్కడ మన ఊళ్ళో లాగే ఎడమ పక్క. రాజేశమూ నేనూ ఇద్దరమూ స్టీరింగ్ పట్టింది దోహాలోనే, మన దేశంలో సైకిలు తప్ప నడిపిందిలేదు. పైగా అది కంకర రోడ్డు, గంటకొక బండి ఎదురైతే గొప్ప. ఎవరూ లేని రోడ్డు మీద ఏ పక్కనున్నామో మనసుకు పట్టదు. అందుకని సిస్టరమ్మ ముందు సీట్లో కూర్చుని డ్యూటీ తీసుకున్నారు. మలుపు రాగానే "ఎడమ", ఆగి బయల్దేరగానే "ఎడమ". వార్డులో మందులు గుర్తుచేసే గొంతు అది, విసుగూ ఉండదు, మర్చిపోవడమూ ఉండదు. మధ్యమధ్యలో పప్పుచెక్కలు అందించేవారు. దారి పక్కన పొడుగాటి కొమ్ముల జింక ఒకటి కనబడితే రాజేశం బండి ఆపి, "అరె, దోహాల గోడల మీద బొమ్మ ఉంటది గదా, గిదే! సుట్టాలు గిక్కడ గూడ ఉన్నరు" అని సంబరపడ్డాడు. అంత నవ్వు, అంత దుమ్ము, అంత తీరిక మా నలుగురికీ జీవితంలో ఎప్పుడూ లేవు. సిస్టరమ్మకి అసలు లేవు.

చివరి రోజు పొద్దున్నే చెట్ల వైపు బయల్దేరాం. మర్నాడే తిరుగు విమానం. తారు రోడ్డు అయిపోయి ఇసుక బాట మొదలైంది. రాజేశం దిగి టైర్లలో గాలి తగ్గించాడు. "సీలైన్ ఇసుక నాకు బిడ్డ లెక్క సిస్టరమ్మా, గిదెంత" అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు గదా. దూరంగా ఎర్రటి కొండలు కనిపించాయి, క్యాలెండర్లో ఉన్నవే. సిస్టరమ్మ వాటినే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక బండి వచ్చింది. రాజేశం దోహా అలవాటున కుడికి తిప్పాడు. "ఎడమ" అన్న మాట ఆవిడ నోట్లోంచి వచ్చేసరికి మా బండి మెత్తటి ఇసుకలో ఇరుసుదాకా కూరుకుపోయింది.

"డ్యూటీలో నిద్రపోయానమ్మా," అన్నారు సిస్టరమ్మ, తప్పంతా తనదే అన్నట్టు.

ఎదురుబండి వాళ్ళు మంచివాళ్ళు, ఆ ఎడారిని చూసుకునే పార్కువాళ్ళ ట్రాక్టరుకి చెప్పి పంపిస్తామని వెళ్ళారు. అది ఎప్పటికొస్తుందో తెలీదు. మా ఆయన బండి దగ్గర ఉండిపోయారు. మేం ముగ్గురం నడిచాం. బండి ఆపే చోటు దాకా ఒక నడక, అక్కడి నుంచి చెట్ల దాకా ఇంకో నడక. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారే ఇసుక. సిస్టరమ్మ నా భుజం మీద చెయ్యేసి, ఊపిరి పీల్చుకుంటూ, ఆగుతూ నడిచారు. ఆఖరికి ఎదురుగా చిన్న దిబ్బ ఒకటి మిగిలింది. అది దాటితే చెట్లు. ఆవిడ దాని కింద కూర్చుండిపోయారు.

"ఇంక నా వల్ల కాదమ్మా. మీరిద్దరూ వెళ్ళి ఫోటో తీసుకుని రండి, నేను చూస్తాను. ఇంత దూరం వచ్చానుగా, చాలు."

బలవంతపెడితే ఆ మోకాళ్ళకి ఏమవుతుందో. వదిలేస్తే, క్యాలెండరు బొమ్మ చూడ్డానికి ఇంత దూరం రావడమెందుకు, ఫోన్లో ఇంకో బొమ్మ చూడ్డానికా? నాకు ఏడుపొచ్చేసింది, అటు తిరిగి నిలబడ్డాను. రాజేశం మాత్రం ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సిస్టరమ్మా, పండుకుంటె మంచం నీదైతది, లేస్తె కాలు నీదైతది. ఏది గావాల్నో సూసుకో."

ఆవిడ ఒక్క క్షణం వాడి మొహం చూశారు. తర్వాత నవ్వారు, భుజాలు కదిలేంత గట్టిగా. "నా మందు నాకే ఇస్తావా అబ్బాయ్!" వాడు రెండు చంకల కిందా చేతులు వేసి లేపాడు. నేను వెనక నుంచి పట్టుకున్నాను. "యల్లా, సిస్టరమ్మా, యల్లా" అని అరబ్బీలో పద పదమంటూ వాడు, "ఉండరా, ఉండు" అని ఆవిడ. అలా ఎక్కాం.

పైనుంచి చూస్తే కింద తెల్లటి నేల, దాని మీద ఆ చెట్లు. ఆవిడ కిందికి దిగాక ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్ళారు, పొద్దుటి రౌండ్స్‌లో మంచం నుంచి మంచానికి వెళ్ళినట్టు. ముట్టుకోవద్దని పార్కువాళ్ళు ముందే చెప్పారు కనుక కాండానికి అంగుళం ఎడంగా రెండు వేళ్ళు పెట్టి, తల వంచి విన్నట్టు నిలబడ్డారు.

"నాడి మాఫీ," అన్నారు నాతో, లేదనడానికి దోహాలో అందరూ వాడే అరబ్బీ మాటతో. "కానీ చూడు, ఎంత ఠీవిగా నిలబడ్డాడో!"

ఆ మొహంలో ఉన్న తృప్తి నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు. ట్రాక్టరు లాగిన బండిని ఆపే చోట వదిలి మా ఆయన నడిచి వచ్చేసరికి మేం ఆ తెల్లనేల అంచున కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నాం. సిస్టరమ్మ కప్పు కింద పెట్టి, ఆలస్యంగా వచ్చినందుకు ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశారు. ఆ రోజు ఆయన చేతులు దాచుకోలేదు.

ఆ నెలాఖరుకే ఆవిడ ఊరెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏడాదికొకసారి మేం వెళ్ళి చూసేవాళ్ళం. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా పెట్టేసేముందు "సరే అమ్మా, ఎడమ" అనేవారు, జాగ్రత్త అనడానికి బదులు. దోహా సిగ్నల్ దగ్గర ఆ మాట గుర్తొచ్చి నవ్వుకునేదాన్ని. ఇక్కడ ఆ మాట వింటే ప్రమాదమే, అయినా బాగుండేది.

మొన్న శుక్రవారం మెసైమీర్‌లో ఆవిడ కోసం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. హాలు నిండిపోయింది. రాజేశం డ్యూటీ బట్టల్లోనే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మా ప్రార్థనల పద్ధతి వాడికి తెలీదు, మాకేసి చూసి మేం చేసినట్టు చేస్తున్నాడు. పాస్టరు గారు ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పి, ఒక్క నిమిషం మౌనంగా నిలబడదామన్నారు. అందరం లేచాం. నిమిషం అయ్యాక "కూర్చోండి" అన్నారు, కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి.

వెనక్కి తిరిగి చూస్తే రాజేశం ఒక్కడే నిలబడి ఉన్నాడు. విరిగి అతుక్కున్న కాలి మీదే బరువంతా వేసి, చేతులు కట్టుకుని, ఎదురుగా ఉన్న ఆవిడ ఫోటోనే చూస్తున్నాడు. కూర్చోమని సైగ చేయబోయిన మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. పాస్టరు గారు కూడా వాణ్ణి చూశారు. పాట అందుకున్నారు. పాట అయిపోయేదాకా వాడు అలాగే నిలబడి ఉన్నాడు.